తోడల్లుళ్ల ప్రింటర్లు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి, ఆ ఫ్యాను చప్పుడులో మాట సగం కొట్టుకుపోతుంది.

తిరుపతిలో ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వెలసిన రోజులవి. సుందరరాజు ప్రింటర్లు బాగుచేసేవాడు. ఆయన మరదల్ని చేసుకున్న జయచంద్రదీ అదే పని. ఆ సంగతే సుందరరాజుకు తిండి సయించనిచ్చేది కాదు. అత్తగారింట్లో జయచంద్ర ఇస్తరిలో ఇంకో గారె పడితే చాలు, ఈయన గొంతులో ముద్ద దిగేది కాదు.

యూనివర్సిటీ గేటు దగ్గర ఆనందమ్మకు టైపింగు షాపు ఉండేది. ఇంకో మూడు షాపులు తెరవబోతూ ఆమె ఇద్దరినీ పిలిపించింది.

"చెరొక మిషను పెట్టండప్పా. దసరా దాటేదాకా సూస్తా. ఏది బాగా నడిస్తే అన్ని షాపులకూ అదే. ఏడాదంతా రిపేరు పనీ వాళ్లకే," అంది.

ఏడాది పని! అది జయచంద్రకు దక్కితే అత్తగారింట్లో తన ముఖం ఎవరు చూస్తారు?

ఇద్దరూ తెచ్చింది చెరో కంపెనీది. సిరా చిమ్మే సన్న రంధ్రాల భాగాన్ని హెడ్డు అంటారు. సుందరరాజు మిషనులో అది సిరా డబ్బాకే అతుక్కుని ఉంటుంది. మూసుకుపోతే డబ్బా మార్చేస్తే సరి, కానీ డబ్బా ఖరీదు వింటే కళ్లు తిరుగుతాయి. జయచంద్ర మిషనులో హెడ్డు లోపలే బిగించి ఉంటుంది. సిరా చవక, బొమ్మ తేట. అయితే వాడకుండా వదిలేస్తే సిరా ఎండి పూడుకుపోతుంది.

నెల తిరక్కుండానే ఆనందమ్మ నోట జయచంద్ర మిషను మాటే. "ఫొటోలో చీర అంచు కూడా కనబడతా ఉండాది," అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. వింటుంటే సుందరరాజుకు కడుపులో ఎవరో మిరపకాయలు నూరుతున్నట్టుండేది.

ఆయుధ పూజ వచ్చింది. మిషన్లకు బొట్లు పెట్టి, కాలేజీలు తెరిచేదాకా వారం రోజులు ముట్టుకోరు. జయచంద్ర ఆరోజు సత్యవేడులో పనిమీద ఉన్నాడు. అతని మిషను ఇంకా కాగితం లాగుతుండగానే, "మంచి గడియ దాటిపోతా ఉండాది," అంటూ ఆనందమ్మ గోడలోంచి వైరు పీకేసింది. హెడ్డు నడిమధ్య ఆగిపోయింది.

పూజకు వచ్చిన సుందరరాజు అది చూశాడు. బటను నొక్కి ఆపితేనే హెడ్డు మూలకు పోయి మూత కింద చేరుతుంది. ఇట్లా ఆగితే వారమంతా గాలికి ఎండాల్సిందే. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాటను మింగేశాడు.

పైగా తన మిషనే గొప్పగా కనబడాలని దానికి గంధం పులిమి, గుప్పెడు కుంకుమ అద్ది, కాగితం పెట్టే నోటి మీద బంతిపూల దండ వేశాడు.

"పెండ్లికూతురు మాదిరి ఉండాది గదప్పా!" అని నవ్వింది ఆనందమ్మ. "మరి జయచంద్రదానికో?"

"దానికి ఒక బొట్టు సాల్లే అక్కా."

వారం తర్వాత ముగ్గురూ షాపులో చేరారు. జయచంద్ర మిషను తెల్ల కాగితం మీద రెండు వెలిసిన గీతలు గీసి ఊరుకుంది. సుందరరాజుకు లోపల పండగ. తన మిషను బటను నొక్కాడు. అది గరగరా అరిచి, నలిగిన కాగితాన్ని ఎర్రటి చారలతో కక్కింది. కుంకుమా పూరేకులూ లోపల రాలి, గంధం రబ్బరు చక్రాలకు పట్టేసింది.

"ఏమన్నా, మిషనుకు పసుపు కుంకుమ తినిపించినావా?" అన్నాడు జయచంద్ర.

తర్వాత తన మిషను మూత తీసి, గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డ హెడ్డు కింద దూర్చాడు. "ఆపేది ఎట్లో నేనే సరిగ్గా చెప్పలా అక్కా. తప్పు నాదే."

సుందరరాజు చెవులు వేడెక్కాయి. తప్పును కూడా వీడే గొప్పగా ఒప్పుకుంటాడా!

"నీది కాదులే," అన్నాడు కసిగా. "అక్క వైరు పీకినప్పుడు నేను సూసినాను. నోరు మూసుకున్నాను."

"ఎందుకప్పా?" అంది ఆనందమ్మ.

"వాడికి పని రాగూడదని."

"ఇప్పుడన్నా నిజం చెప్పు. ఏది కొనమంటావు?" అందామె.

సుందరరాజు తన మిషనులోంచి ఒక పూరేకును లాగి పారేశాడు. "అప్పుడప్పుడు వాడే ఇంటికైతే నాది. రోజూ పనుండే నీ షాపులకు వాడిదే అక్కా."

తడిగుడ్డకు నానిన హెడ్డు మళ్లీ తేటగా అచ్చు వేసింది, పని జయచంద్రకే పోయింది. సుందరరాజుకు కుళ్లు పోయిందా అంటే, యాడికి పోతుంది? వీధిలో జయచంద్ర స్కూటరు చప్పుడైతే ముఖం తిప్పుకునేవాడు. కానీ ఎవరు వచ్చి అడిగినా, పళ్లు కొరుకుతూనే రెండు కంపెనీల మంచీ చెడూ ఉన్నదున్నట్టు చెప్పేవాడు.

ఇది మరిచిపోకండి, మీ పిల్లలకూ చెప్పండి. చెప్పేటప్పుడు ఆయన్ను ఉత్త చెడ్డవాణ్ణి మాత్రం చేయొద్దండి.