ఫ్రిజ్‌కి సెలవు

"ఫ్రిజ్ తలుపు సరిగ్గా వెయ్యనిదెవరు?" గిన్నెలో విరిగిన పాలు చూసి అడిగాడు భర్త.

"పొద్దస్తమానం దాని ముందు నిలబడేది మీరేగా!" అంది ఆమె.

"నేను మంచినీళ్లకి తీస్తాను. నువ్వు ఏం వండాలో ఆలోచించుకోవడానికి తీస్తావు."

"తలుపు సంగతి సరే, అది గురక పెడుతోంది నాన్నా" అంది కూతురు.

"పెట్టనీ. ఆదివారం షాపువాణ్ని రమ్మన్నాను. దీన్నిచ్చేసి కొత్తది తెచ్చుకుందాం, పీడా వదుల్తుంది."

పీడా! ఆమెకు చివుక్కుమంది. ఇంటి దగ్గర పిల్లలకు లెక్కలు చెప్పి, ఆ డబ్బుతో కొన్న ఫ్రిజ్ అది. ఆ ఇంట్లో ఆమె సొంతంగా కొన్న పెద్ద వస్తువు అదొక్కటే.

"ముందు నన్ను చూడనివ్వండి."

"కరెంటుతో ఆటలా?"

"ప్లగ్గు పీకేశాక ఆటేముంది!"

అన్నంత పనీ చేసింది. సామానంతా బల్ల మీద సర్ది, ఫ్రీజరు అరలో వెనక ఉన్న పలక మరలు విప్పింది. పలక కదల్లేదు. మంచు పట్టేసుకుంది. ముందురోజే తన కూతురింటి నుంచి తిరిగొచ్చిన అత్తగారు కూరల కత్తి పట్టుకుని హాజరైంది.

"పొడిచి తియ్యనా అమ్మాయ్?"

"అమ్మో, వద్దత్తయ్యా! లోపల గొట్టానికి చిల్లు పడితే ఇక దీన్ని బాగుచెయ్యలేం."

గిన్నెడు వేడినీళ్లు లోపల పెట్టి తలుపు మూసింది. నీళ్లు చల్లారినప్పుడల్లా మార్చింది. చివరికి పలక ఊడింది. వెనక గొట్టాలుండాల్సిన చోట తెల్లటి గోడ. ఫ్యాను రెక్క దాన్నే రాసుకుంటోంది. గురక అదన్నమాట. చల్లగాలి కిందికి దిగే దారి కూడా మూసుకుపోయింది. అందుకే పాలు విరిగాయి.

ఆమె ఆ మంచును చేత్తో తడిమి చూసింది. తలుపు సందులోంచి గాలి చొరబడితే మంచు తలుపు వైపే ఎక్కువుండాలి. ఇది గొట్టాల మీదంతా ఒకే మందాన ఉంది. అంటే, ఎప్పటికప్పుడు మంచు కరిగించే హీటరు పనిచెయ్యడం లేదు.

అంతా కరిగాక గుడ్డతో తుడిచి, ఎదురింటి ఎలక్ట్రీషియన్ దగ్గర తెచ్చిన మీటరు హీటరు కొసలకు ఆనించింది. కీచుమంది. తీగ తెగలేదు. పక్కనున్న చిన్న ఫ్యూజుకి ఆనించింది. ఉలుకూ పలుకూ లేదు.

"ఇదీ దొంగ!" అంది. "ఎప్పుడు పోయిందో మరి."

"బామ్మ ఊరెళ్లాకేగా గురక మొదలైంది" అంది కూతురు.

ఆమె మీటరు కింద పెట్టింది. అత్తగారు ఇంట్లో ఉంటే వారానికోసారి స్విచ్చి ఆపి, తలుపులు బార్లా తీసి, పూటంతా ఫ్రిజ్‌కి సెలవిచ్చేది. "పాపం, రాత్రనకా పగలనకా పనిచేస్తోంది" అనేది. అందరూ నవ్వేవాళ్లు, అందరికంటే ఎక్కువ తనే. ఆవిడ ఊరెళ్లగానే ఆ సెలవు ఎత్తేసింది కూడా తనే. ఫ్యూజు ఎప్పుడో పోయింది. ఇన్నాళ్లూ బండి నడిపించింది ఆ సెలవే.

కొత్త ఫ్యూజు తెచ్చి బిగించింది. మర్నాడు గొట్టాల మీద మళ్లీ సన్నగా మంచు పట్టాక, హీటరును వేళకి వెలిగించే టైమరు మరను స్క్రూడ్రైవరుతో మెల్లగా తిప్పింది. టక్కుమంది. మోటారు ఆగింది. చెవి ఆనించి కూర్చుంది. కాసేపటికి లోపల చిటచిటలు, ఆ తర్వాత అడుగున ట్రేలో ఒక చుక్క, వెనకే మరో చుక్క.

భోజనాల దగ్గర కూతురు గడ్డపెరుగు వడ్డిస్తుంటే భర్త కంచంలోకీ ఫ్రిజ్ వైపూ మార్చి మార్చి చూశాడు.

"గురక లేదే!"

"లేదు. ఇన్నాళ్లూ దాన్ని కాపాడింది మీ అమ్మగారి సెలవు. మనమేమో పళ్లికిలించాం."

"నేనెప్పుడో చెప్పాను" అంది అత్తగారు, కూర మరికాస్త వడ్డించుకుంటూ. "మరిప్పుడు దాని సెలవు రద్దేనా?"

"వారం వారం అక్కర్లేదత్తయ్యా. మీకు తుడవాలనిపించినప్పుడు ఇవ్వండి, నేనూ వస్తాను." ఆమె భర్త వైపు తిరిగింది. "ఈ ఫ్రిజ్ ఎక్కడికీ పోదు. షాపువాణ్ని రావద్దని మీరే చెప్పండి. చెయ్యి కడుక్కున్నాక మొదటి ఫోను అదే."