తడిసిన బీరువాలో తీరపటం

పాత కాగితాలు బాగుచేసే ఆవిడ ఆ ఉదయం గ్రంథాలయంలో పటాల గది తలుపు తీసేసరికి పైకప్పు నుంచి నీళ్లు ధార కడుతున్నాయి. పై అంతస్తులో గొట్టం పగిలింది. సరిగ్గా దాని కిందే ఉంది టేకు బీరువా. దాని అడుగు సొరుగులో ఒక తీరప్రాంతపు పటం ఉంది. ఐరోపా పునరుజ్జీవన కాలంలో రాగిరేకు మీద చెక్కి, అచ్చువేసి, చేత్తో రంగులద్దినది. అలాంటివి ప్రపంచం మొత్తంలో ఇంకొకటో రెండో మిగిలాయంటారు.

నీళ్లు కట్టేయించి సొరుగు లాగింది. రాలేదు. చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది.

అక్కడ వడ్రంగి పని చూసేది ఆవిడ అక్క భర్తే. కబురందగానే సంచీతో వచ్చి, సొరుగు అంచు తడిమి, ఉలి తీశాడు.

"ఉలి లోపలికి దిగితే పటం రెండు ముక్కలవుతుంది బావా," అంది.

"మరి సొరుగుని బతిమాలమంటావా?"

"వెనకనుంచి విప్పు. నేను అటునుంచి తీసుకుంటాను."

అతను బీరువా వెనక్కి వెళ్లి చూశాడు. "పాతకాలపు పనితనం. విరిగితే మళ్లీ ఇలా కుదరదు."

"బీరువా పోతే పోనీ."

అతను ముందు బీరువా వెనక పలక, తర్వాత సొరుగు వెనక చెక్క ఊడదీశాడు. ఆవిడ రెండు చేతులూ లోపలికి చాచి, రెండు అట్టల మధ్య ఉన్న పటాన్ని మెల్లగా బయటికి లాగింది. అట్టల నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా రాలాయి. బల్ల మీద పెట్టింది గానీ తెరవడానికి చెయ్యి రాలేదు.

"నువ్వు చూడు బావా. నావల్ల కాదు."

అతను చేతులు తుడుచుకుని పై అట్ట ఎత్తాడు. వంగి మూలమూలా చూశాడు.

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. సముద్రం సముద్రంలోనే ఉంది, ఒడ్డు దాటి రాలేదు. ఓ మూల మాత్రం చెమ్మ తగిలింది."

ఆవిడ వంగి చూసింది. తడిసింది ఖాళీ అంచే. నీలం చుక్కైనా చెదరలేదు. ఆ మూలకి పైనా కిందా చెమ్మ పీల్చే బ్లాటింగ్ కాగితాలు పరిచి, బరువు పెట్టి, అప్పుడు కుర్చీలో కూలబడింది. నవ్వు వచ్చింది, దాంతోపాటే కన్నీళ్లూ వచ్చాయి.

"అటు తిరిగి ఏడువమ్మా మరదలా," అన్నాడు బావ. "అది మళ్లీ తడిస్తే విప్పడానికి ఇంకో బీరువా లేదు."

తర్వాత తనూ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్లుగా అక్కడ పనిచేస్తున్నా ఆ పటాన్ని ఎన్నడూ చూడలేదు. ఆవిడ ఒక్కొక్క నదీముఖాన్నీ చూపిస్తుంటే, తెరచాపలు విప్పిన చిన్న చిన్న ఓడల్ని తీరిగ్గా చూస్తూ ఉండిపోయాడు.