మూత పెట్టిన డబ్బాలో కార్డు

నాకు ముక్కు మీద కోపం. మా అక్క విషయంలో మాత్రం అది ముక్కు దిగి గుండెల్లో కాపురం పెట్టింది.

అక్క పదకొండేళ్లు రాళ్ల పాలిష్ షెడ్డులో పనిచేసింది. పలకలు కోసే రంపం పక్కన నిలబడి, లేచిన దుమ్మంతా మింగింది. ఇప్పుడు మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు, ముఖానికి మాస్కు. స్నానాల గదికి వెళ్లాలంటే మధ్యలో ఒకసారి కూర్చోవాలి. ఊపిరితిత్తుల నిండా రాతిపొడి ఉందని డాక్టరు రాసిచ్చాడు. ఆ కాగితం పట్టుకుని షెడ్డు ఓనరు దగ్గరికి వెళ్తే అతను కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

"మీ ఇంట్లో పొయ్యి పొగ ఎంతుందో ఎవరికి తెలుసు? మా షెడ్డు దుమ్మే అనడానికి రుజువేది? సైన్స్ టీచరువి కదమ్మా, లెక్క చూపించు. అప్పుడు మాట్లాడదాం" అని నవ్వాడు.

ఒళ్లు మండిపోయింది. రంపాల మీద నీళ్లు పోయిస్తే దుమ్ము లేవదని అతనికి తెలుసు. పని నెమ్మదిస్తుందని పోయించడు. నలుగురిలో ఆ తల వంచాలి, అది తప్ప నాకింకేమీ అక్కర్లేదు అనుకుంటూ ఇంటికొచ్చాను.

ఆ ఏడు బడి తెరిచిన వారమే ఒక పరిశోధన కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. గాలిలో దుమ్ముని బడిపిల్లలే కొలిచే పని. తెల్లకార్డుకి వాజలిన్ పూసి, వారం రోజులు వేలాడదీసి, అంటుకున్న రేణువుల్ని భూతద్దంతో లెక్కపెట్టాలి. ఒక్కొక్కరికీ రెండు కార్డులు. ఒకటి ఇంటి బయట, ఒకటి పడుకునే చోట. ఇవి కాక ఇంకో కార్డుని వాజలిన్ పూసిన వెంటనే డబ్బాలో పెట్టి మూత బిగించాలి. పూసేటప్పుడు ఎంత దుమ్ము పడుతుందో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఆ ఉత్తరం క్లాసులో చదువుతుంటే మొదటి బెంచీలోంచి దగ్గు వినబడింది. పొడి దగ్గు, వరసగా మూడు, తరవాత ఒక గుటక. అక్కకి మొదట్లో వచ్చింది అచ్చం అదే. దగ్గింది ఓనరు కూతురు, బక్కపలచగా ఉంటుందని అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల. వాళ్లిల్లు షెడ్డు మీది మేడే.

దొరికాడు, అనుకున్నాను. జాబితాలో అందరికంటే ముందు పిచ్చుక పేరే రాశాను.

మొదటి నెలలన్నీ నేర్పడానికే పోయాయి. ఒకే కార్డుని ఇద్దరు ఒకరికి తెలియకుండా ఒకరు లెక్కపెట్టాలి. ఇద్దరి లెక్కా కలవకపోతే మళ్లీ మొదటికి. పిచ్చుకకి ఆ పనంటే ప్రాణం. కళ్లు ఎర్రబడేదాకా భూతద్దం వదిలేది కాదు. అసలు కొలత మాత్రం ఏడాది చివరి పరీక్షలు దగ్గరపడ్డాక గానీ మొదలవలేదు. ఆ వారంలో ఒకరోజు ఓనరు గేటు దగ్గర ఎదురై, "మా బాల్కనీలో కూడా కార్డు కట్టించారటగా! మంచిది, మంచిది" అని పళ్లికిలించాడు.

ఎప్పుడూ లేని ఈ మర్యాదేమిటో కార్డులు తిరిగొచ్చిన రోజు తెలిసింది. మిగతా ఇళ్ల బయటి కార్డుల మీద అరవై, ఎనభై రేణువులుంటే, షెడ్డు నెత్తిమీదున్న బాల్కనీ కార్డు మీద రెండే రెండు. నా చెవిలో పువ్వు పెట్టాననుకున్నాడు కాబోలు. ఆ కార్డుని అప్పుడే పక్కన పెట్టేయొచ్చు. పెట్టలేదు. తల్లిదండ్రుల సభలో, అతని ముందే, అతని కూతురి చేతే చదివించాలనుకున్నాను.

సభకి మున్సిపల్ హెల్త్ ఆఫీసరు వచ్చాడు. పక్క కుర్చీలో ఓనరు. పిల్లలు ఒక్కొక్కరే లెక్కలు చదివారు. మూత పెట్టిన డబ్బాలో కార్డు మీద తొమ్మిది అని ఒకడు చదివి దిగాడు. పిచ్చుక మైకు అందక మునివేళ్ల మీద నిలబడింది.

"మా బాల్కనీ కార్డు మీద రెండు."

ఓనరు కాలు మీద కాలు వేసుకున్నాడు.

"కానీ దీన్ని లెక్కలో కలపకూడదండి. డబ్బాలో మూతపెట్టిన కార్డు మీదే తొమ్మిదున్నాయి. వారం రోజులు బయట వేలాడినదాని మీద రెండే ఎలా ఉంటాయి? ఎవరో తుడిచేసి కొత్తగా వాజలిన్ పూశారు." కాగితం తిప్పింది. "నా దిండు పక్క కార్డు ఎవరూ ముట్టుకోలేదు. దాని మీద నాలుగు వందల పన్నెండు. క్లాసంతటికీ ఇదే ఎక్కువ."

ఆ తరవాత దగ్గింది. మూడుసార్లు, ఒక గుటక, మైకులో.

హెల్త్ ఆఫీసరు కుర్చీ తిప్పి, "రేపు షెడ్డు తెరవకండి. మేం వచ్చి చూస్తాం" అన్నాడు. ఓనరు ఏదో చెప్పబోయి నీళ్లు నమిలాడు. కూతురి వైపు చూసి తల దించేసుకున్నాడు. నా కడుపు చల్లబడింది. అబద్ధమెందుకు, ఈల వేయాలనిపించింది.

ఇంటికి పరిగెత్తాను. అతను కాలు మీద కాలు వేసుకోవడం, నీళ్లు నమలడం అన్నీ అక్క మంచం ముందు ఆడి చూపించాను. అక్క మాస్కులోనే నవ్వింది. కాసేపటికి మాస్కు కిందికి లాగింది.

"ఆ పిల్లకి దగ్గు ఎప్పట్నుంచి?"

"బడి తెరిచినప్పట్నుంచీ. అచ్చం నీ దగ్గే అక్కా, వినగానే పోల్చేశా."

"వాళ్లమ్మకి చెప్పావా?"

నేను సిలిండరు వైపు చూశాను.

"ఇన్ని నెలలూ ఆ దుమ్ములోనే పడుకోనిచ్చావా?"

"రుజువు కావాలి కదక్కా."

అక్క కాసేపు ఆయాసపడింది. "నేను దగ్గినప్పుడల్లా వాడూ అంతే. పని కావాలి కదమ్మా, అనేవాడు."

మాస్కు పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది.