పొర తాగిన మంచినీళ్లు

ఏసయ్యన్న మంచినీళ్ల ట్యాంకు పక్కనే పడిపోయాడు. ట్యాంకు నల్లాకు తాళం ఉంది. పదకొండు మందిమి చుట్టూ నిలబడి చూశాం. అందులో ఒకణ్ణి నేను, ఎల్లారెడ్డి నగేశ్‌ను. ముందు నా తప్పు చెప్తాను, తర్వాత కంపెనీ తప్పు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల నుంచి పోయి మేం పన్నెండు మందిమి గల్ఫ్‌లో ఒక చమురు బావి దగ్గర పనిచేసేవాళ్లం. చమురుతోపాటు సముద్రం కన్నా ఉప్పటి నీళ్లు పైకొస్తాయి. ఇదివరకు పారబోసేవాళ్లు, ఇప్పుడు వాటితో కరెంటు తీస్తున్నారు. ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. పలచని పొరకు ఒక పక్క ఉప్పునీళ్లు, ఇంకో పక్క మంచినీళ్లు పెడతారు. ఉప్పునీళ్లు పొర గుండా మంచినీళ్లను లాక్కుంటాయి. ఒత్తిడి పెరిగి చక్రం తిరుగుతుంది. గొప్ప విద్యే, కాదనను. కానీ రోజూ వచ్చే మంచినీళ్ల ట్యాంకరంతా ఆ పొరకే. మాకు బోరు నీళ్లు. టీలో ఎంత చక్కెర వేసినా ఉప్పు పోయేది కాదు. ఆ పొరను చూస్తే నా కడుపు మండేది.

లతీఫ్‌ను చూస్తే ఇంకా మండేది. మహమ్మద్‌నగర్ మనిషి. పొర ఉన్న గదిలో, ఏసీ కింద పని. ఓ సాయంత్రం రుమాలులో మంచినీళ్ల సీసా చుట్టుకుని బయటికి రావడం చూశాను. వీడొక్కడే తాగుతున్నాడని ఓర్వలేక ఫోర్‌మన్‌కు చెప్పాను. లతీఫ్‌ను ఎండలో పైపుల పనికి మార్చారు. ఆ పూట నేను కడుపునిండా తిన్నాను.

నాలుగో రోజు ఏసయ్యన్న పడిపోయాడు. కిడ్నీలో రాళ్లు. లతీఫ్ ఆ సీసా మోసింది ఆయన కోసమని అప్పుడు తెలిసింది.

లతీఫ్ కొడతాడనుకున్నాను. "కుళ్లుకుంటె కుళ్లుకో నగేశ్," అన్నాడు. "గని నా మీద కాదు. నీళ్లకు తాళమేసినోళ్ల మీద."

ఏసయ్యన్నను గదిలో పడుకోబెట్టి, తెల్లారి పదకొండు మందిమి ట్యాంకరుకు అడ్డం కూర్చున్నాం. పొరకు నీళ్లు పోలేదు, చక్రం ఆగింది. మా తాగునీళ్లు మాకిచ్చేదాకా లేవమన్నాం. మూడో రోజు లతీఫ్‌ను, నన్ను విమానం ఎక్కించి పంపేశారు. మిగతావాళ్లు లేవలేదు.

వారం తిరక్కుండా కంపెనీ ఏజెంటు కామారెడ్డిలో ఇంటర్వ్యూలు పెట్టాడు, మా పనికి కొత్తవాళ్ల కోసం. లైనులో నలభై మంది. ఏసయ్యన్న భార్య రూత్ సదాశివనగర్ నుంచి వచ్చి గేటు ముందు నిలబడింది. మేమిద్దరం ఆమె పక్కన నిలబడ్డాం.

"మీరు పోతె ఆడ కూసున్నోళ్లు ఓడిపోతరు తమ్మీ. మా ఆయనకు నీళ్లు దొరకయి," అంది.

హన్మండ్లు అనే యువకుడు లైన్లోంచి ముందుకొచ్చాడు. "మీరు పోయి సంపాయించుకున్నరు. మేం పోతుంటె కండ్లు మండుతున్నయా?"

ఆ గొంతు నాకు బాగా తెలుసు. నేనూ అలాగే మాట్లాడినవాణ్ణి. ఫోర్‌మన్‌కు చాడీ చెప్పిన సంగతి అక్కడే, అందరి ముందూ మొదలుపెట్టాను. రూతక్కకు కూడా అప్పటిదాకా తెలియదు. సిగ్గుతో మధ్యలో ఆగిపోయాను.

"ఆగకు," అంది ఆమె. ఏడుస్తోంది. "పూరా చెప్పు. అందరు ఇనాలె."

అంతా చెప్పాను. హన్మండ్లు పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని గేటుకు అడ్డంగా కూర్చున్నాడు. "ముందుగాల ఏసయ్యన్నకు నీళ్లియ్యుమను," అన్నాడు. అతని వెనక ఒక్కొక్కరే కూర్చున్నారు.

పోలీసులు వచ్చి లతీఫ్‌ను, నన్ను జీపెక్కించారు. జీపు కదులుతుంటే లోపలి నుంచి ఏజెంటు ఇంటర్వ్యూకు హన్మండ్లు పేరు పిలిచాడు.

"ఈడనే ఉన్న," అన్నాడు హన్మండ్లు, లేవకుండా.