ఫరీదుద్దీన్ కారుకు పూసిన కోటింగు

ఫరీదుద్దీన్‌కు అనుమానం పుట్టుకతోనే వచ్చిందని భార్య మెహర్ సుల్తానా అంటుంది. అది అన్యాయం. సగం పుట్టుకతో వచ్చింది, మిగతా సగం ఉద్యోగం నేర్పింది. దోహా దగ్గరి మెసయీద్‌లో ఒక ఎరువుల ఫ్యాక్టరీకి ఆయన స్టోర్ కీపర్. వచ్చిన ప్రతి సరుకునూ తెరిచి, తూచి, వాసన చూసి, ఏదో ఒక లోపం పట్టుకుంటే తప్ప ఆయనకు మధ్యాహ్నం అన్నం సయించదు. సరుకు వెనక్కి కొట్టాడంటే, అమ్మిన కంపెనీ మనిషి మర్నాడు పొద్దున్నే బిస్కెట్ డబ్బాతో వచ్చి ఎదురుగా కూర్చుంటాడు. ఆ బిస్కెట్లు కూడా తేదీ చూసుకునే తింటాడు.

అలాంటి మనిషి దోహాలో కారు షోరూంకు వెళ్ళాడు. ఇన్నేళ్ళూ ఎవరో వాడిన పాత కార్లే నడిపాడు. చివరిది మెసయీద్ రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం ఆగిపోయి, ఎంత బతిమాలినా కదల్లేదు. సరే, జన్మకోసారి కొత్తది కొందామనుకున్నాడు. ధర ఖాయమయ్యాక సేల్స్‌మన్ కుర్రాడు ఒక రంగుల కాగితం ముందుకు తోశాడు. పెయింట్ ప్రొటెక్షన్ ప్యాకేజీ. కారు రంగు మీద గాజులాంటి కోటింగు వేస్తారట. ఇసుకకు గీతలు పడవట, ఎండకు వెలిసిపోదట, నీళ్ళు పోస్తే బొట్లుబొట్లుగా జారిపోతాయట.

ఫరీదుద్దీన్ వద్దనబోయాడు. ఇంతలో కుర్రాడి ఫోన్ మోగింది. వాడు పక్కకు తిరిగి, గొంతు తగ్గించి, "తిన్ననే అమ్మా, అబద్ధమెందుకు చెప్త? డ్యూటీల ఉన్న, మళ్ల చేస్త" అన్నాడు.

"ఏ ఊరు నీది?" అన్నాడు ఫరీదుద్దీన్ తెలుగులో.

"మెట్‌పల్లి సార్. మీకు తెలుగొస్తదా?"

"మీ పక్కన కోరుట్లల పుట్టినోనికి తెలుగు రాదా!"

కుర్రాడి పేరు గజేందర్. టీ చల్లారకముందే 'సార్' పోయి 'కాకా' వచ్చింది. ఫరీదుద్దీన్‌కు ఒళ్ళు తేలికైంది. ఇంట్లో మాట దక్కనీ ఉర్దూ, పనిలో హిందీ. మెహర్ సుల్తానాది హైదరాబాదు, తెలుగు రాదు. కూతురు కహకషాన్ కాలేజీ కోసం ఆమె కూడా హైదరాబాదు వెళ్ళిపోయాక అల్ వక్రా ఫ్లాట్‌లో ఆయనొక్కడే. ఇక్కడ తెలుగువాళ్ళకేం కొదవ లేదు. కానీ ఆయన పేరు వినగానే మర్యాదగా హిందీలోకి మారిపోతారు. చిన్నప్పుడు దోస్తులతో నవ్వింది, కొట్లాడింది, తిట్టుకుంది తెలుగులోనే. ఆ తెలుగు లేకపోవడం ఆయనకు ఆకలిలాంటి బాధ. చెప్తే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

అందుకే ఆ రోజు ప్యాకేజీ వద్దనలేదు. వద్దంటే మాట అక్కడితో సరి. తీసుకున్నా అంతే. "సోంచాయించి చెప్త" అని లేచాడు.

కారు ఓడ దిగి వచ్చేదాకా గజేందర్ ఫోన్ చేస్తూనే ఉన్నాడు.

"ఏం జేసినవ్ కాకా, సోంచాయించినవా?"

"ఇసుక తుఫానును సీసాల నీళ్ళు ఆపుతయారా?"

"ఆపుతయ్ కాకా, జర నమ్ము."

"నమ్మెటోని లెక్క కనపడుతున్ననా నీకు?"

అక్కణ్ణించి మాట కోరుట్ల బస్టాండుకు పోయేది, బస్టాండు నుంచి మిర్చి బజ్జీలకు, ఎవరి ఊరి వానలు గొప్పవన్న తగాదాకు. ఫోన్ పెట్టేశాక ఫరీదుద్దీన్ కాసేపు ఒంటరిగా నవ్వుకునేవాడు.

తీరా కారు వచ్చాక ప్యాకేజీ తీసుకున్నాడు. అది షాంపూకు పెట్టిన పెద్ద పేరని తెలిసే తీసుకున్నాడు. మధ్యమధ్య చెకింగ్ ఉంటుందన్నారు. చెకింగ్ అంటే గజేందర్ పిలుస్తాడు కదా అని ఆశ. కారు మీద గుడ్డ తొలగించేటప్పుడు ఫోటో తీస్తారు. అందరి ఫోటోల్లోనూ పెళ్ళాం పిల్లలుంటారు. ఫరీదుద్దీన్ ఫోటోలో గజేందర్ నిలబడ్డాడు, భుజం మీద చెయ్యేసి.

ఆ తర్వాత ఫోన్ మోగలేదు.

చెకింగ్ సంగతి ఇంగ్లీషు మెసేజ్‌గా వచ్చింది, ఏ మనిషీ పంపనిది. శుక్రవారం సెలవులు వచ్చి పోయాయి. అమ్ముకున్నాడు, పనైపోయింది, అనుకున్నాడు ఫరీదుద్దీన్. తన అనుమానం నిజమైనందుకు ఎప్పటిలా సంతోషం కలగాలి. ఈసారి కలగలేదు.

ఒక ఉదయం సముద్రపు తేమకు కారంతా దుమ్ము అంటుకుపోయి ఉంది. సీసాతో నీళ్ళు తెచ్చి బానెట్ మీద పోశాడు. నీళ్ళు జారలేదు, పాత కారు మీద పారినట్టే చదునుగా పారాయి. అప్పుడు తట్టిందాయనకు, తన స్టోరు మర్యాద. సరుకు బాగాలేదని వెనక్కి కొడితే అమ్మినవాడే రావాలి. వచ్చి ఎదురుగా కూర్చోవాలి. ఉత్సాహంగా ఫోటోలు తీసి షోరూంకు కంప్లైంట్ పంపాడు. ఆ సాయంత్రం టీ పొడి, మంచి బిస్కెట్లు కొనుక్కొచ్చి ఇల్లు సర్దుకున్నాడు.

మేనేజర్ ఫోన్ చేశాడు. ఇంగ్లీషులో, ఎంతో వినయంగా. కారు తెప్పించుకుని చూశారు. మీరన్నది అక్షరాలా నిజం సర్, అన్నారు. డబ్బు వాపసు ఇచ్చేశారు.

"గజేందర్ రాలేదా?" అని మేనేజర్‌ను అడిగాడు ఫరీదుద్దీన్.

"అతన్ని షోరూం నుంచి తీసేశాం సర్. మదీనత్ అల్ షమాల్ దగ్గర మా యార్డులో వేశాం. ఇక మీకు అతనితో ఇబ్బంది ఉండదు."

శుక్రవారం జుమా నమాజు కాగానే బయల్దేరాడు. దేశానికి వక్రా ఈ కొస, షమాల్ ఆ కొస. దారంతా చెప్పవలసిన మాట కూడబలుక్కున్నాడు. నిన్ను చూడాలనిపించి చేసినరా, పూత కోసం కాదు. అంతే, చిన్న మాట.

యార్డులో గజేందర్ ఎండలో కార్ల మీద దుమ్ము దులుపుతున్నాడు. మొహం నల్లబడింది.

"నచ్చకపోతే నాకే చెప్పకపోతివి కాకా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

కూడబలుక్కున్న మాట నోటిదాకా వచ్చింది. "నీళ్ళు జారలేదురా" అన్నాడు ఫరీదుద్దీన్. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"నాకు తెల్వదు కాకా, వాళ్ళు చెప్పుమన్నది చెప్పిన." గజేందర్ గుడ్డ పిండాడు. "కారు ఇచ్చినంక కూడ ఫోన్ జేద్దామనుకున్న. నువ్వు ఎవర్నీ నమ్మవు గదా. పని లేకుంట చేస్తే, మళ్ల ఏదో అంటగట్టనీకి వచ్చిండనుకుంటవని జెయ్యలే."

ఎవరో లోపల్నుంచి యల్లా, తొందరగా రమ్మని కేకేశారు. డ్యూటీ కాకా, అని వాడు వెళ్ళిపోయాడు.

ఫరీదుద్దీన్ గేటు దాటి కారు పక్కకు ఆపాడు. ఏసీ వేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆ పిల్లవాడికి తనంతట తాను ఒక్కసారీ ఫోన్ చేయలేదని అప్పుడు గుర్తొచ్చింది. నంబరు నొక్కాడు.

"హలో కాకా? ఏమన్న మర్చిపోయినవా?"

"లేదు బిడ్డా. ఊకెనే చేసిన."

"ఊకెనేనా?"

"ఊకెనే. ఎట్లున్నవో అని."

"మేనేజర్ ఏమన్న రాయించుకుని రమ్మన్నడా నాతోటి?"

"ఎవరూ అనలేదురా. నాకేం వద్దు."

"ఏదో ఉంటది, చెప్పు కాకా." గజేందర్ ఇప్పుడు ఒక్కో మాటా చూసుకుని మాట్లాడుతున్నాడు. "ఉత్తగ ఎవరు చేస్తరు?"

ఏమీ లేదని ఫరీదుద్దీన్ మళ్ళీ చెప్పాడు. తెలుగులో చెప్పాడు, ఒట్టేసి చెప్పాడు. ఎన్ని విధాల చెప్పినా అది నమ్మేట్టు లేదని, చెప్తున్న ఆయనకే తెలుస్తోంది.