దాలినాయుడు షాపులో వెనక సీటు

నేను ఒక జీపు వెనక సీటుని. జీపు లేని వెనక సీటుని అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్ళే రోడ్డు పక్కన దాలినాయుడు షాపు ఉంది. కొండదారులెక్కే బళ్ళని ఎత్తు లేపడం, పెద్ద టైర్లు వేయడం, ఇనప బంపర్లు బిగించడం అతని పని. ఆ షాపు రేకుల వసారాలో రెండు చెక్క దిమ్మల మీద నన్ను పెట్టారు. వచ్చినవాళ్ళు బండి తయారయ్యేదాకా నా మీద కూర్చుంటారు, టీ తాగుతారు, లేచి వెళ్ళిపోతారు. ఎవరూ నన్ను సీటు అనరు, బెంచీ అంటారు. మొదట్లో ఆ మాటకి నాకు ఒళ్ళు మండేది.

పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. ఇనప చట్రం, స్ప్రింగులు, కొబ్బరి పీచు, స్పాంజి, పైన ముదురు ఆకుపచ్చ రెక్సిన్. నాతోపాటు తయారైన ముందు సీట్లకి జారే పట్టాలు పెట్టారు, వెనక్కి వాలే మరలు పెట్టారు. నాకు మాత్రం నాలుగు బోల్టులు. వెనక కూర్చునేవాళ్ళ గురించి మనుషులు ఎంత ఆలోచిస్తారో నాకు అప్పుడే తెలిసుండాల్సింది.

మా జీపుని కొన్నది కూర్మారావు. నర్సీపట్నంలో జీడిపిక్కల వ్యాపారం ఆయనది. ఆయన భార్య నూకరత్నం గవర్నమెంటు నర్సు. బండి నడిపేది ఆయనే. పక్క సీట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు. జీడిపిక్కల బ్రోకరో, బ్యాంకు మేనేజరో, పెళ్ళికి తోడొచ్చే పెద్దమనిషో. ఎవరూ లేనిరోజున కూడా ఆ సీటు మీద ఆయన సంచీ ఉండేది. నూకరత్నం సామానుతోపాటు వెనక్కి వచ్చేది, నా దగ్గరికి. తర్వాత్తర్వాత మోకాళ్ళు పట్టేశాక, "వెనకైతే కాళ్ళు చాపుకోవచ్చులే" అని ఆమే అనడం మొదలుపెట్టింది. ఆ మాట విని నేను పొంగిపోయాను.

ఆమె బాగా మాట్లాడుతుంది. ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. ముందు సీట్లలో వాళ్ళిద్దరూ ధరల గురించి గట్టిగా అరుచుకుంటూ ఉంటే, ఆమె కిటికీ వైపు తిరిగి తనలో తను కబుర్లు చెప్పుకునేది. వాటిలో సగం పాలగొంది కబుర్లే. అది కొండ మీద చిన్న ఊరు. ఇరవై రెండేళ్ళ వయసులో ఆమె మొదటి ఉద్యోగం అక్కడే. కింది నుంచి మందుల పెట్టె మోసుకుంటూ సగం రోజు నడిచి ఎక్కేదట. అక్కడ పాంగి బోడెమ్మ అని ఒక మంత్రసాని. మొదట నెల్లాళ్ళు ఈ పట్నం పిల్లని గుమ్మం తొక్కనివ్వలేదట. ఒక కష్టమైన కాన్పు ఇద్దరూ కలిసి తెల్లారేదాకా చేశాక, బోడెమ్మే తన దుప్పటి తీసి ఈమెకి కప్పి పడుకోబెట్టిందట. ఈ కథ నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ప్రతిసారీ చివర్లో, "ఏమండీ, ఒకసారి పాలగొంది వెళ్దామండీ" అని ముందుకి వంగి అనేది. "ఎల్దాంలే రత్నం" అనేవాడు ఆయన తల తిప్పకుండా.

ఆమె రిటైరైన ఏడాది నిజంగానే బయల్దేరదీశాడు. ఆరోజు ఆమె జరీ అంచు చీర కట్టుకుంది. సగం దూరం వెళ్ళాక గెడ్డ, అంటే కొండవాగు, అడ్డమొచ్చింది. నీళ్ళు తక్కువే గానీ అన్నీ గుండ్రాళ్ళు. జీపు పొట్ట రాయికి తగిలి ఆగిపోయింది. ముందుకీ వెళ్ళదు, వెనక్కీ రాదు. చివరికి సంతకి దిగుతున్నవాళ్ళు నలుగురు కలిసి వెనక్కి తోశారు. నూకరత్నానికి పెద్ద బాధేం లేదు, గెడ్డలో కాళ్ళు పెట్టుకుని కాసేపు కూర్చుంది కూడా. కూర్మారావుకే తల కొట్టేసినట్టయింది. మర్నాడే జీపుని దాలినాయుడి దగ్గరికి తోలుకొచ్చాడు.

దాలినాయుడికి కొన్ని పద్ధతులున్నాయి. బండి ముట్టుకునే ముందు, "ఏ దార్లో తోల్తారు బాబూ?" అని అడుగుతాడు. రాళ్ళా, బురదా, ఇసకా, అన్నీ విని ఎంత లేపాలో లెక్క కడతాడు. బండి నుంచి తీసిన సామాను పారేయడు. దాని మీద తెల్ల రంగుతో యజమాని పేరు రాసి దాస్తాడు. ఎప్పుడో ఒకరోజు ఆర్టీవో ఆఫీసులో బండికి ఫిట్‌నెస్ చేయించాల్సి వస్తే, వాళ్ళే పరిగెత్తుకొచ్చి పాత సామాను బిగించమంటారని అతనికి తెలుసు.

కూర్మారావు గెడ్డ గురించి, గుండ్రాళ్ళ గురించి గంటసేపు చెప్పాడు. జీపు లేచింది. నా నడుమంత ఎత్తు టైర్లు వచ్చాయి. ఆ కొలత స్టెపినీ ఎక్కడా పట్టలేదు. దానికి చోటు కావాలని నా నాలుగు బోల్టులూ విప్పేశారు. నా వీపు మీద కూర్మారావు పేరు రాశారు. నేనున్న చోట టైరూ, రెండు డీజిల్ క్యాన్లూ, ఒక పెద్ద ఇనప పెట్టే కూర్చున్నాయి.

బండి తయారయ్యాక ఆయన భార్యని ఆటోలో పిలిపించాడు. కొత్త పెళ్ళికొడుకులా జీపు పక్కన నిలబడి, "ఇంక గెడ్డ మనల్నేం చెయ్యలేదు రత్నం, ఎక్కు" అన్నాడు. ఆమె చేతికర్ర తలుపుకి ఆనించింది. కాలెత్తింది. ఆ కాలు జీపు గడపకి జానెడు కిందనే ఆగిపోయింది. రెండో కాలితో ప్రయత్నించింది. దాలినాయుడూ, కూర్మారావూ చెరో చెయ్యీ పట్టుకుని లేపబోతే నొప్పికి పెదవి కొరుక్కుంది. వసారాలో ఉన్న కస్టమర్లంతా ఫోన్లు పక్కన పెట్టి చూశారు. "వద్దులెండి, ఇంకోసారి" అని నవ్వి ఆమె మళ్ళీ ఆటో ఎక్కింది. ఆటో వెనకే ఖాళీ జీపు వెళ్ళింది. భార్యని కొండెక్కించాలని పదహారు రోజులు కష్టపడినవాడికి, ముందుగా ఆమె జీపు ఎక్కాలన్న సంగతి తట్టలేదు.

తప్పు ఒప్పుకుంటే అక్కడితో పోయేది. కానీ కూర్మారావు మగాడు, పైగా వ్యాపారస్తుడు. విశాఖపట్నం నుంచి ఆదివారాలు వచ్చే జీపుల కుర్రకారుతో కలిసిపోయాడు. నెలకోసారి షాపుకొచ్చి నా మీదే కూర్చుని వాళ్ళ కబుర్లు చెప్పేవాడు. పాతికేళ్ళు తన సంసారాన్ని మోసిన సీటు మీద కూర్చున్నానని ఒక్కసారైనా గుర్తుపట్టలేదు. ఒకరోజు ఫోన్లో ఫొటోలు చూపించి, "పాలగొంది ఎక్కీసాను నాయుడూ" అన్నాడు. "ఇంట్లో సూపించాను. సూసింది, ఫోనిచ్చీసింది. ఏటీ అన్లేదు."

ఈ అయిదేళ్ళలో ఎంతమంది కస్టమర్లని చూశానో. వాననీళ్ళ గుంట కూడా దాటని బండికి, లోతు నీళ్ళకని పొగగొట్టంలా పైకి లేచే గాలిగొట్టం పెట్టించుకున్న డాక్టరు గారున్నారు. ముందు ఇనప తాడు చుట్టే మోటారు బిగించుకుని, దాని మీద దుమ్ము పడుతోందని గుడ్డ కుట్టించుకున్న ఇంజినీరు గారున్నారు. ఒకాయన పని బ్రహ్మాండమని దాలినాయుడి చెయ్యి పట్టుకుని మెచ్చుకుని, నా మీద కూర్చునే ఫోన్లో మూడు నక్షత్రాలే ఇచ్చాడు. టీలో పంచదార ఎక్కువైందట. అందరూ ఎక్కడికో వెళ్ళాలనే వస్తారు. ఎవరితో వెళ్తారో చెప్పినవాళ్ళు తక్కువ. వాళ్ళ బరువు నా మీద పడుతుంది, కాసేపటికి పోతుంది. కాళ్ళు చాపుకుని తనలో తను మాట్లాడుకునే మనిషి ఒక్కరూ రాలేదు. సాయంత్రం షట్టరు దించాక నాకు ఏడుపొచ్చేంత ఒంటరిగా ఉండేది.

మొన్న చైత్రంలో ఒక ఉదయం ఆటో ఆగింది. కర్ర పొడుచుకుంటూ నూకరత్నం దిగింది, ఒక్కతే. వసారాలోకి వచ్చి నా మీద కూర్చుంది. ఎప్పుడో చిరిగినచోట తను వేసిన దారం కుట్లు చేతికి తగిలాయి కాబోలు, వంగి చూసి, "నువ్విక్కడున్నావా" అంది. నా ప్రాణం లేచొచ్చింది.

"నాయుడూ, బోడెమ్మ మంచం పట్టిందట" అంది. "నిన్న సంతకొచ్చినవాళ్ళు చెప్పారు. నన్ను చూడాలని అడుగుతోందట. వానలు పడితే గెడ్డ దాటలేం. వానలు వెలిసేదాకా ఆవిడ ఉండదు. నేనా జీపు ఎక్కేలా ఏమైనా చెయ్యగలవా?"

దాలినాయుడు చేతులు తుడుచుకున్నాడు. "ఏ దార్లో తోల్తారని అడిగాను గానీ, ఎవురెక్కుతారని అడగలేదమ్మా. తప్పు నాదే" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "బండి దించీసి, ఈ పాత సీటే ఎట్టీమంటారా? సులువుగా ఎక్కీవచ్చు" అన్నాడు.

నేను ఊపిరి బిగబట్టాను. సీటుకి ఊపిరేమిటని అడక్కండి.

"దించితే గెడ్డ దాటదు కదా" అంది ఆమె. ఆగి, నా రెక్సిన్ మీద అరచెయ్యి ఆనించింది. "అయినా వెనక సీటు వద్దు నాయుడూ. పాతికేళ్ళు వెనకే కూర్చున్నాను. వెళ్ళే దారి నేనెప్పుడూ ముందు నుంచి చూళ్ళేదు."

ఆమెకి నేనే ఆసరా అనుకుంటూ బతికాను. ముందు చోటు ఎవరూ ఇవ్వక నా దగ్గరికి వచ్చిందని నాకు ఆ క్షణందాకా తట్టలేదు. కోపం రాలేదు గానీ చాలా సిగ్గేసింది.

దాలినాయుడు ఆరోజు బండిని కొలవలేదు, మనిషిని కొలిచాడు. ఆమెని స్తంభం పట్టుకుని నిలబడమని, కాలి ముందు ఒక్కొక్క చెక్కే పేర్చుకుంటూ పోయాడు. నొప్పి లేకుండా కాలు ఎంత లేస్తుందో అక్కడ సుద్దతో గీత గీశాడు. ఏడంగుళాలు. అప్పుడు కూర్మారావుకి ఫోన్ చేసి బండి తెమ్మన్నాడు. ఆయన వచ్చి, భార్య అక్కడ కూర్చుని ఉండటం చూసి, విషయమంతా విని మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"నాకు సెప్పొచ్చు కదా రత్నం" అన్నాడు.

"పాతికేళ్ళు చెప్పానండీ, వెనక నుంచి. ఇంజను చప్పుడులో మీకు వినపళ్ళేదు."

ఆయన జేబులోంచి తాళాలు తీసి దాలినాయుడి చేతిలో పెట్టాడు.

నాలుగు రోజులు పట్టింది. ఏడంగుళాలకో మెట్టు చొప్పున మడత మెట్లు, అరచేతికి సరిపోయే పిడి, ముందు సీటు కింద తిరిగే పళ్ళెం. సీటు బయటికి తిరుగుతుంది, ఆమె కూర్చుంటుంది, మళ్ళీ లోపలికి తిరుగుతుంది. అయిదోరోజు పొద్దున్నే ఆమె జరీ అంచు చీరలో వచ్చింది. ఒక మెట్టు, రెండో మెట్టు, మూడోది. ఎవరూ పట్టుకోలేదు. సీటు లోపలికి తిరిగాక ముందు అద్దంలోంచి రోడ్డుని అలా చూస్తూ ఉండిపోయింది. కూర్మారావు తన సంచీని వెనక డీజిల్ క్యాన్ల పక్కన పడేసి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. జీపు చింతపల్లి వైపు వెళ్ళిపోయింది.

వారం పోయాక కూర్మారావు గ్రీజు పెట్టించడానికి వచ్చాడు. ఎప్పటిలాగే నా మీద కూర్చున్నాడు. బోడెమ్మ ఉందా అని దాలినాయుడు అడిగాడు.

"ఉంది. గుర్తుపట్టింది. ఇద్దరూ ఒకే దుప్పట్లో కూకుని పొద్దుగూకేదాకా కబుర్లే. మొన్న మంగళవారం పోయిందట ఆ ముసల్ది." టీ ఒక గుక్క తాగాడు. "ఎల్తా వస్తా దారంతా రత్నం మాట్లాడతానే ఉంది నాయుడూ. ఏ కథలో, ఏ ఊళ్ళో. ఇది ఇంత మాట్లాడుద్దని నాకు ఇన్నేళ్ళూ తెల్దు."

"సీటు పట్టికెల్తారా బాబూ? మీ పేరే ఉంది" అన్నాడు దాలినాయుడు.

"ఎందుకు? ఇంక దాని మీద కూకునేవాళ్ళెవరూ లేరు" అని ఆయన గ్లాసు కింద పెట్టి లేచాడు.

ఆమె మాట్లాడుతుందని నాకు తెలుసు. ఆ కథలన్నీ నా దగ్గరున్నాయి, బోడెమ్మ కప్పిన దుప్పటితో సహా. ఇప్పుడు ఆమె వాటిని చెప్పడానికి పక్కన మనిషి ఉన్నాడు. నాకు చెప్పాల్సిన పని లేదు.