తగ్గేకొద్దీ తరిమిన దండ

ఇనుప ఖనిజమున్న ఎర్రమన్ను ఓడలెక్కి చైనాకు పోతున్న రోజులవి. బళ్ళారిలో నిన్నటిదాకా సైకిలు తొక్కినవాడు హెలికాప్టరు బేరమాడుతున్నాడు. బసవరాజు అంతదూరం పోలేదు గానీ, లారీలు కొన్నాడు, తోరణగల్లు రోడ్డులో యార్డు కట్టాడు, ఏటేటా తనకు తానే సన్మానం పెట్టుకుంటున్నాడు. చిక్కల్లా మొదటి దండ ఎవరు వెయ్యాలన్నదే. పోయినేడు దానికోసం వేదిక మీద కుర్చీలు గాల్లోకి లేచాయి. అందుకని ఈసారి మొదటి దండ యంత్రం వేస్తుందని చాటించాడు. దానికి కులమూ లేదు, వార్డూ లేదు.

ఆ పని టైటస్ నెత్తిన పడింది. కౌల్ బజారులో బసవరాజు అద్దెకిచ్చిన గదిలోనే టైటస్ మోటార్ల రిపేరు షాపు. దండ సరిగ్గా పడితే షాపు ఉంటుంది, లేకుంటే ఆ గది లారీల ఆఫీసు అవుతుంది. ఎవరేమన్నా "సరేలే అన్నా" అనే మనిషి టైటస్. చర్చిలో పక్కకు జరగమంటే గోడ తగిలేదాకా జరుగుతాడని భార్య రెజీనా దెప్పుతుంటుంది.

వేదిక పొడవునా పట్టాలు వేశాడు. వాటి మీద ట్రాలీ, ట్రాలీకి ఇనుప చేతులు, ఆ చేతుల్లో ఆపిల్ పళ్ళ దండ. ట్రాలీని నడిపేది సర్వో మోటారు. ఆ మోటారును ఆడించేది ఆంప్లిఫయర్ పెట్టె.

"దీన్ని మూడు తీర్లుగా నడపొచ్చన్నా," అన్నాడు టైటస్ ముందురోజు. "పొజిషన్ మోడ్‌లో పెడితే చెప్పిన జాగాకే వచ్చి నిలుస్తాది. ఆడ మీరున్నా లేకున్నా దానికి పట్టదు."

బసవరాజు సుద్దగీత మీద నిలబడ్డాడు. ఇంతలో ఫోనొచ్చి పక్కకు నడిచాడు. ట్రాలీ వచ్చి, గాలికి దండ వేసి ఆగింది.

"గీత మీద నిల్చుకునే మనిషినా ఏందప్పా నేను? ఇంకోటి చూపీ."

"స్పీడ్ మోడ్ అయితే ఒకే వేగంతో వస్తాది. ఏమన్నా అడ్డమొస్తే ఇంకా బలంగా తోస్తాది గానీ వేగం తగ్గదు."

బసవరాజు పొట్ట తడుముకున్నాడు. "అది బేడప్పా, వద్దు."

"మిగిలింది టార్క్ మోడ్. చెప్పినంత బలంతోనే తోస్తాది. మీరు గట్టిగా నిల్చుకుంటే ఆగుతాది, దండ మెడలో పడతాది. నిల్చుకోకుంటే..."

"మర్యాద తెలిసిన మిషన్. అదే పెట్టు."

తక్కిన మాట మింగేసి "సరేలే అన్నా" అన్నాడు టైటస్.

సభ రోజున ట్రాలీ కదిలింది. ఈ సీమలో దండ వస్తుంటే పెద్దమనిషెవడూ రొమ్ము విరుచుకుని నిలబడడు. తల వంచి, చేతులు జోడించి, "నాకెందుకప్పా ఇవన్నీ" అంటూ వెనక్కి తగ్గుతాడు. వేసేవాళ్ళు బలవంతం చేస్తారు. బసవరాజూ పద్ధతి ప్రకారం ఒక అడుగు తగ్గాడు. ఏదీ తగలకపోవడంతో ట్రాలీ ఇంకాస్త ముందుకొచ్చింది. అతను తగ్గేకొద్దీ అది జోరందుకుంది.

"నిల్చుకోండన్నా, ఎదురు తొయ్యండి," అని టైటస్ అరిచాడు.

జనం ముందు దండను తోసేస్తే పొగరనరా? బసవరాజు నవ్వు చెదరనివ్వకుండా, జోడించిన చేతులు దించకుండా వెనక్కి వెనక్కి నడిచాడు. "మన అన్న వినయం చూడండప్పా," అన్నాడు మైకు పట్టుకున్న బసవరాజు అనుచరుడు హులిగప్ప. వేదిక చివర మెట్లు లేవు. నిలువెత్తు లోతున ఖనిజం రాళ్ళ కుప్ప ఉంది. ట్రాలీ ఆగాలంటే జనరేటరే కట్టెయ్యాలి. అది యార్డు అవతల ఉంది, ఆపేవాడు పరుగెత్తాడు గానీ అందుకునేలా లేడు.

టైటస్ వేదికెక్కి ట్రాలీకీ బసవరాజుకీ మధ్య అడ్డంగా నిలబడ్డాడు. ట్రాలీ అతని ఛాతీకి తగిలి ఆగింది. దండ అతని మెడలో పడింది.

దండ పడ్డవాడికి శాలువా కప్పకపోతే సభకు అరిష్టం. హులిగప్ప శాలువా విసిరాడు. వేదిక అంచున నిలబడ్డ బసవరాజు వెనక నుంచే దాన్ని టైటస్‌కు కప్పి, ఫోటోకు నవ్వుతూ చెవిలో అన్నాడు: "రేపే షాపు ఖాళీ చెయ్."

ట్రాలీ ఇంకా తోస్తూనే ఉంది. టైటస్ రొమ్ము నొప్పెడుతోంది. అలవాటుగా "సరేలే" నోటిదాకా వచ్చింది. కోపమూ వచ్చింది.

"ఖాళీ చేస్తాలే అన్నా. ఇప్పుడు ఈడ నుంచి గూడా జరగమంటారా?"

బసవరాజు వెనక్కి తిరిగి రాళ్ళ కుప్ప చూశాడు. టైటస్ భుజాలు రెండూ పట్టుకున్నాడు.

"వద్దప్పా. జరగొద్దు."

"షాపు?"

"షాపు గూడా నీదేలే. నువ్వు నిల్చుకో సామీ."

జనరేటరు ఆగేదాకా ఇద్దరూ ఫోటోలకు నవ్వుతూ నిలబడ్డారు.